బాధ్యత అందరిదీ, వాటా ఎవరిదెంత?

2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మిరప కాపు మీద, పత్తి తీతల మీద ఉండే కాలమది. చేలల్లో నీరు నిలిచింది, పైరు ఒరిగింది. భూమిని కౌలుకు తీసుకుని, విత్తనాలకూ పురుగుమందులకూ అప్పు చేసిన రైతుకు పంట పోయినా అప్పు పోదు.

దైవ నిర్ణయాన్ని విశ్వాసి సహనంతో స్వీకరిస్తాడు. అయితే మనిషి చేజేతులా తెచ్చిపెట్టిన చెరుపుకు మనిషే జవాబుదారీ అన్నదీ మన విశ్వాసమే. ఏ ఒక్క తుపానునూ కేవలం భూతాపం ఫలితమని చెప్పలేము. కానీ వేడెక్కిన సముద్రం తుపాను వర్షాన్ని ఉధృతం చేస్తుందని శాస్త్రజ్ఞులు స్పష్టం చేస్తున్నారు. ఆ వేడికి ప్రధాన మూలం బొగ్గు, చమురు మండించగా గాలిలో పేరుకున్న వాయువులు. మరి వాటిని తగ్గించే భారాన్ని ఎవరు, ఎంత మోయాలి?

పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి ఇంధనాల వల్ల వెలువడిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న భారతదేశం వాటా నూటికి నాలుగు పాళ్లు కూడా లేదు. నేటికీ ఏడాదికి సగటు అమెరికన్ సుమారు 14 టన్నులు వదిలితే, సగటు భారతీయుడు వదిలేది 2 టన్నులే.

ఈ చిక్కుముడికి పరిష్కార సూత్రం మన సేద్యపు ఇళ్లకు కొత్త కాదు. వర్షంతో పండిన పంటలో పదో వంతు, శ్రమపడి నీరు తోడిపోసి పండించిన పంటలో ఇరవయ్యో వంతు ఉషర్‌గా చెల్లించాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) నిర్దేశించారు. విధి ఇద్దరిదీ, వాటా మాత్రం వేరు. చవకైన బొగ్గుతో, అడిగేవారు లేని ఆకాశం కింద సంపద కూడబెట్టుకున్న దేశాలు వర్షాధారపు పంట తీసినవారి వంటివి. మిగిలిన దేశాలు ఇప్పుడు తోడిపోసుకుంటున్నాయి.

1992లో కుదిరిన ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం ఈ న్యాయాన్నే అంగీకరించింది. బాధ్యత ఉమ్మడిదనీ, దాని పరిమాణం మాత్రం దేశాన్ని బట్టి మారుతుందనీ ఒప్పుకుంది. 1997 నాటి క్యోటో ఒప్పందం సంపన్న దేశాలకే కోతలు విధించగా, అమెరికా దాన్ని ఆమోదించలేదు. 2015 నాటి పారిస్ ఒప్పందంతో ఎవరి వాటాను వారే రాసుకునే పద్ధతి వచ్చింది. మిర్చి యార్డులో కొనుగోలుదారు చేతికే కాటా అప్పగిస్తే రైతు ఊరుకుంటాడా? దివ్య ఖుర్‌ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ అధ్యాయం తూనికల్లో మోసగించేవారిపై హెచ్చరికతోనే మొదలవుతుందని మరువరాదు.

న్యాయమైన కాటా అసాధ్యమేమీ కాదు. పాల్ బేర్, టామ్ అథనాసియు, సివన్ కార్తా తదితర పరిశోధకులు 2007-08లో ఒక పద్ధతిని ప్రతిపాదించారు. కొనుగోలు శక్తి లెక్కన ఏడాదికి 7,500 డాలర్ల లోపు ఆదాయం గలవారిపై ఏ భారమూ పడదు. అంతకు మించిన ఆదాయాన్నీ, గతంలో వదిలిన వాయువులనూ కలిపి లెక్కించి ప్రతి దేశం వాటాను తేలుస్తారు. జకాత్‌కు నిసాబ్ ఎలాగో దీనికి ఈ గీత అలాగ.

అయితే ఈ కాటాలో మనకూ ఒక హెచ్చరిక ఉంది. నిసాబ్‌ను దేశాన్ని బట్టి కాదు, మనిషిని బట్టి చూస్తారు. పేద దేశంలో పుట్టినంత మాత్రాన ధనికుడికి జకాత్ తప్పదు కదా! మన నగరాల్లో ఇంటికి మూడు కార్లు, గదికొక ఏసీ ఉన్నవారు, వలీమా విందుల్లో గంగాళాలకొద్దీ అన్నం పారబోసేవారు కౌలు రైతు పేదరికం చాటున దాక్కుని "మన సగటు రెండు టన్నులే" అనడం తగదు. ఆ సగటును అంత తక్కువగా నిలిపినది ఆ రైతే. తుపాను వస్తే మొదట మునిగేదీ అతని చేనే.

సంపన్న దేశాలను న్యాయం అడుగుదాం, అది మన హక్కు. ఆ అడిగే నోరు శుద్ధంగా ఉండాలంటే మన వాటాను మనమూ చెల్లిద్దాం. ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ త్రాసును సమంగా పట్టుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.