గుహ కథ కన్నడంలోనూ వినిపించాలి

రాయలసీమలోని బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ బృందం తవ్వకాలు జరిపి ప్రాచీన జంతువుల ఎముకలను వెలికితీసింది. కొలిమిగుండ్ల వద్ద 3,229 మీటర్ల పొడవైన బెలుం గుహలు ఉన్నాయి. ఇవి చూడటానికే కాదు, విని తెలుసుకోవడానికి కూడా. నీరు సున్నపురాయిని కరిగించి దారులు ఎలా తొలిచిందో చెప్పేవారు లేకపోతే, సందర్శకుడికి మిగిలేది చీకటీ ఉక్కపోతా మాత్రమే. ఈ కథను తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూల్లోనూ చెప్పాలి. బళ్లారి మనకు పొరుగు. ఉగాదికి శ్రీశైలం మల్లన్న కోసం కాలినడకన వచ్చే కన్నడ భక్తుల బాట ఈ సీమ మీదుగానే సాగుతుంది. ఉర్దూ ఇక్కడి ఇళ్లలో మాట్లాడే భాష, 2022 నుంచి రాష్ట్రానికి రెండో అధికార భాష కూడా.

ఇలా చేస్తే తెలుగు వెనకబడుతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే. అందుకే తొలి మాట తెలుగులోనే ఉండాలి. పైగా మరో భాష చేరినంత మాత్రాన ఉన్న భాష తగ్గిపోదు. కాలిఫోర్నియా డిస్నీ పార్కులో 2013 నుంచి క్రిస్మస్ వేళ స్పానిష్ పాటలతో ‘వివా నవిదాద్’ వేడుక జరుగుతోంది. దానివల్ల అక్కడ ఇంగ్లిష్ తగ్గలేదు. ఖర్చు సంగతంటారా, రికార్డు చేసిన వ్యాఖ్యానం ఒకసారి చేయిస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది. రెండు భాషలొచ్చిన సరిహద్దు పల్లెల యువతకు గైడ్లుగా శిక్షణ ఇస్తే, వారికి ఊళ్లోనే జీతం దొరుకుతుంది.