పరీక్ష రాశావా, తీసుకున్నావా?

ఇంగ్లీషులో నామవాచకాలు నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. ఏ మాట పక్కన ఏ క్రియ పెట్టాలన్నదే అసలు తంటా. 'ఎగ్జామ్' సంగతే చూడండి. మనవాళ్ళం 'ఐ రోట్ ది ఎగ్జామ్' అంటాం. అమెరికాలో ఆ మాట వింటే ప్రశ్నపత్రం తయారు చేసింది మీరే కాబోలు అనుకుంటారు. ఇక్కడ పరీక్షని విద్యార్థి 'టేక్' చేస్తాడు, టీచరు 'గివ్' చేస్తుంది. బ్రిటన్‌లో 'సిట్' అని కూడా అంటారు. హిందీ వాళ్ళది అమెరికాకి సరిగ్గా తలకిందులు: విద్యార్థి పరీక్ష ఇస్తాడు, మాస్టారు తీసుకుంటాడు. అందుకే ఢిల్లీ కుర్రాడు 'ఐ గేవ్ ది ఎగ్జామ్' అంటే, ఇతనెప్పుడు పంతులయ్యాడా అని ఇక్కడివాళ్ళు తెల్లబోతారు.

ఇందులో తర్కం వెతక్కండి, దొరకదు. అందుకే 'రైట్' శుద్ధ తప్పని మనల్ని చిన్నబుచ్చేవాళ్ళతో నాకు పేచీ. కెనడాలోనూ దక్షిణాఫ్రికాలోనూ ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ళు కూడా ఎగ్జామ్ 'రైట్' చేస్తారు. వాళ్ళు అంటే వాడుక, మనం అంటే తప్పూనా? అమెరికాలో ఇంటర్వ్యూకి వెళ్తే 'టేక్' అనే అనండి, అవతలివాడికి అర్థం కావాలి గనక. అంతకు మించి సిగ్గుపడాల్సింది లేదు. (డ్రైవింగ్ టెస్టుని మాత్రం ఏ దేశంలోనూ రాయలేం.)

నా దిగులు వేరు. ఇంగ్లీషు క్రియని దిద్దుకోవడంలో ఉన్న శ్రద్ధ మనకి తెలుగు క్రియ మీద లేదు. ఇక్కడ పెరిగిన పిల్లలు 'ఇవాళ టెస్ట్ తీసుకున్నా' అంటే, పెద్దవాళ్ళు 'టెస్ట్' అన్నందుకు మొహం చిట్లిస్తారు. 'తీసుకున్నా' అన్నది ఎవరి చెవికీ తగలదు. నన్నడిగితే 'టెస్ట్ రాశా' పదహారణాల తెలుగు వాక్యం. 'పరీక్ష అనాలమ్మా' అని పాఠం మొదలుపెట్టే బదులు 'ఎలా రాశావు?' అని అడిగితే సరిపోతుంది.

ఈ 'తీసుకోవడం' అన్నిటినీ మింగేస్తోంది. మాత్ర వేసుకునేవాళ్ళం, ఇప్పుడు తీసుకుంటున్నాం. స్నానం చేసేవాళ్ళం, షవర్ తీసుకుంటున్నాం. ఫోటో అయితే తీసేవాడికి ఒక క్రియ, దిగేవాడికి ఇంకో క్రియ ఉండేవి. ఇంగ్లీషుకి ఆ భాగ్యం లేదు. ఇప్పుడు 'ఫోటో తీసుకున్నాం' ఒక్కటే వినిపిస్తోంది. సెల్ఫీకి అది సరిపోతుందనుకోండి, తీసేదీ దిగేదీ ఒకరే కాబట్టి.

పరీక్ష చుట్టూ తెలుగులో ఎన్ని క్రియలున్నాయో! మాస్టారు పెడతారు, మనం రాస్తాం. వెనకటి తరంలో ప్రైవేటుగా మెట్రిక్‌కి కట్టేవారు. అదృష్టం బాగుంటే గట్టెక్కేవారు, లేదంటే తప్పేవారు. దారి తప్పడానికీ, గురి తప్పడానికీ, పరీక్ష తప్పడానికీ ఒకటే మాట. 'ఫెయిల్'లో ఆ మెత్తదనం లేదు. కాలేజీ కుర్రాళ్ళయితే పరీక్ష 'డింకీ కొట్టింది' అనేవారు. అమెరికన్ల 'ఫ్లంక్' దానికి కాస్త దగ్గరగా వస్తుందేమో.