యంత్రం మేలైనదే, లెక్కే కుదరలేదు: సోనీ వీటా ఎందుకు అమ్ముడుపోలేదు?

2011 డిసెంబరు 17వ తేదీన జపాన్‌లో సోనీ సంస్థ ‘ప్లేస్టేషన్ వీటా’ అనే చేతి గేమ్ యంత్రాన్ని విడుదల చేసింది. తొలి రెండు రోజులలోనే 3 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. సంస్థ ఆనందం వారం రోజులైనా నిలువలేదు. మరుసటి వారానికే అమ్మకాలు లక్షకు దిగువకు జారిపోయాయి. ఆ తరువాత అవి కోలుకున్నదే లేదు. 2019 మార్చిలో జపాన్‌లో ఉత్పత్తిని నిలిపివేసే నాటికి మొత్తం ఎన్ని అమ్ముడయ్యాయో ప్రకటించడానికి కూడా సోనీ ఇష్టపడలేదు. పరిశీలకుల అంచనాలు కోటికీ కోటిన్నరకూ అటూ ఇటూగా ఉన్నాయి. ఇదే సంస్థ అంతకు ముందు అమ్మిన ‘పీఎస్పీ’ 7 కోట్లు దాటింది. పోటీదారైన నింటెండో దాదాపు అదే కాలంలో అమ్మిన ‘3డీఎస్’ 7 కోట్ల 59 లక్షలకు చేరింది.

వీటా నాసిరకం వస్తువు అయివుంటే ఈ కథలో చెప్పుకోదగినది ఏమీ ఉండదు. కాని అది నాసిరకం కాదు. 5 అంగుళాల ఓఎల్ఈడీ తెర, రెండు బొటనవేళ్ళకూ రెండు చిన్న కర్రలు, ముందూ వెనుకా తాకుడు పలకలు, అప్పటి చేతి యంత్రాలలో సాటిలేని వేగం దానికి ఉన్నాయి. చూసినవారందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవారిలో అధికులు కొనలేదు.

“సెల్ ఫోన్ వచ్చి చేతి గేమ్ యంత్రాలను మింగివేసింది” అన్నది అందరూ చెప్పే సమాధానం. అందులో నిజం లేకపోలేదు. అయితే అదే ఫోన్ల కాలంలో 3డీఎస్ ఎలా అమ్ముడయిందన్న ప్రశ్నకు ఆ సమాధానం సరిపోదు. నేరాన్ని ఫోను మీదకు నెట్టివేయడం తయారీదారుకు సౌకర్యమే గాని, కొనుగోలుదారు వేసుకున్న లెక్క వేరు.

అమెరికాలో 2012 ఫిబ్రవరిలో వీటా ధర 249 డాలర్లు. అప్పటి మారకం ప్రకారం సుమారు 12 వేల రూపాయలు. సరిగ్గా అదే ధరకు అదే సోనీ సంస్థ టీవీకి తగిలించుకునే ప్లేస్టేషన్ 3 యంత్రాన్ని అమ్ముతున్నది. 2011 ఆగస్టులోనే దాని ధరను 249 డాలర్లకు తగ్గించింది. ఒకటి ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకోగల యంత్రం, సినిమా డిస్కు కూడా వేసుకోవచ్చు. మరొకటి ఒక్క పిల్లవాడి చేతిలో ఉండేది. రెండింటి ధరా ఒకటే అయినప్పుడు కుటుంబ పెద్ద దేని వైపు మొగ్గుతాడో చెప్పడానికి ఆర్థికశాస్త్రం అక్కరలేదు.

పైగా ఆ 249 డాలర్లు పూర్తి ధర కాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తొలి వీటాలో కొన్నవారు వాడుకోవడానికి నిల్వస్థలం లేదు. ఆటలను దిగుమతి చేసుకోవాలన్నా, కొన్ని ఆటలలో సాధించిన మేరకు భద్రపరచుకోవాలన్నా మెమరీ కార్డు ఉండి తీరవలసిందే. ఆ కార్డు కెమెరాలలో, ఫోన్లలో వాడే మామూలు కార్డు కాదు. సోనీ ప్రత్యేకంగా తయారుచేసినది, మరి దేనికీ పనికిరానిది. 4 జీబీ కార్డు 20 డాలర్లు, 16 జీబీ 60, 32 జీబీ అయితే 100 డాలర్లు. అంటే యంత్రం వెలలో అయిదింట రెండు వంతులు కార్డుకే. అదే పరిమాణంలో మామూలు కార్డు అందులో సగం కన్నా తక్కువకే ఏ అంగడిలోనైనా దొరికేది. 249 డాలర్లని బోర్డు చూసి లోపలికి వెళ్ళినవాడు కార్డూ, ఒక ఆటా కలుపుకుని 350 డాలర్ల వరకూ చెల్లించి బయటికి వచ్చేవాడు. ఎడ్లబండి కొన్న తరువాత చక్రాలకు వేరే వెల కట్టినట్లున్నది ఈ వ్యవహారం.

సోనీ ఇలా ఎందుకు చేసిందన్నదానికి కారణం ఉంది. పీఎస్పీలో వాడిన మెమరీ స్టిక్ ద్వారా దొంగ నకళ్ళు విపరీతంగా ప్రబలాయి. యంత్రాలు కోట్లలో అమ్ముడైనా, ఆటలు ఆ నిష్పత్తిలో అమ్ముడుకాక తయారీదారులు నష్టపోయారు. ఆ అనుభవంతో సోనీ ఈసారి తలుపులన్నీ మూసివేసింది. దొంగల కోసం వేసిన తాళం తాలూకు ఖర్చు మాత్రం నిజాయితీగా కొన్నవారి మీదనే పడింది. యంత్రం ఒకసారికి ఒకే ఖాతాకు కట్టుబడి ఉండేది, కార్డుదీ అదే తీరు. ఇంట్లో అన్నదమ్ములిద్దరూ చెరొక ఖాతాతో ఆడుకోవాలంటే యంత్రాన్ని పూర్తిగా తుడిచి మళ్ళీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవాలి, కార్డు వేరొకటి పెట్టుకోవాలి. ఒకే వస్తువును నలుగురు పంచుకునే ఇళ్ళు ప్రపంచంలో ఎక్కువన్న సంగతి దీనిని రూపొందించినవారికి తట్టినట్లు లేదు. 299 డాలర్ల 3జీ రకం సంగతి మరీ విడ్డూరం. నెలనెలా టెలిఫోను సంస్థకు రుసుము కట్టినా, ఆ మార్గంలో తొలినాళ్ళలో 20 ఎంబీకి మించిన ఆటను దింపుకోనివ్వలేదు. వీటా ఆటలలో చెప్పుకోదగినవన్నీ అంతకు ఎన్నో రెట్లు పెద్దవి.

ధర విషయంలో నింటెండో కూడా తప్పటడుగు వేసినదే. 3డీఎస్‌ను 2011లో తొలుత 250 డాలర్లకే అమ్మజూసింది, అమ్మకాలు కుంటుపడ్డాయి. అయితే ఆ సంస్థ జంకలేదు. ఆరు నెలలు తిరగకముందే ఆగస్టులో ధరను 170 డాలర్లకు దించింది. జపాన్‌లో 25 వేల యెన్లు కాస్తా 15 వేలయింది. ఎక్కువ ధరకు ముందే కొన్నవారు మోసపోయామని బాధపడకుండా 20 పాత ఆటలను ఉచితంగా ఇచ్చింది. సంస్థ అధ్యక్షుడు సతోరు ఇవాటా తన స్థిర వేతనంలో సగం వదులుకున్నారు. సోనీ జపాన్‌లో ధర తగ్గించినది 2013 ఫిబ్రవరి చివరన, అమెరికాలో అదే ఏడాది ఆగస్టులో. అప్పటికి ఏడాదికి పైగా గడిచిపోయింది. ఆటలు తయారుచేసే సంస్థలు ఏ యంత్రం కోసం పనిచేయాలో తేల్చుకునే కాలం సరిగ్గా అదే.

ఆ తేల్చుకోవడంలో వీటాకు తగిలిన పెద్ద దెబ్బ ‘మాన్‌స్టర్ హంటర్’. జపాన్‌లో పీఎస్పీని నిలబెట్టిన ఆట అది. నలుగురు స్నేహితులు ఒకచోట చేరి, ఎవరి యంత్రం వారు పట్టుకుని, కలిసి ఒక పెద్ద మృగాన్ని వేటాడడం అందులోని ఆకర్షణ. ఒకడి దగ్గర యంత్రం ఉంటే మిగిలిన ముగ్గురూ కొనక తప్పదు. 2010 డిసెంబరులో పీఎస్పీపై వచ్చిన భాగం ఒక్కటే 40 లక్షల ప్రతులకు పైగా అమ్ముడయింది. 2011 సెప్టెంబరులో, అంటే వీటా ఇంకా అంగట్లోకి రాకముందే, ఆ ఆట యజమాని క్యాప్‌కామ్ తన తదుపరి భాగాలు నింటెండో 3డీఎస్‌పై వస్తాయని ప్రకటించింది. పెళ్ళికి ముందే పెళ్ళికొడుకు అవతలి పందిరిలోకి వెళ్ళిపోయాడు! అప్పటి నుంచి విషవలయం మొదలయింది. కొన్నవారు తక్కువ గనుక ఆటలు రాలేదు, ఆటలు రాలేదు గనుక కొన్నవారు పెరగలేదు.

పాత ఖాతాదారులను కూడా సోనీ నిలుపుకోలేకపోయింది. పీఎస్పీ ఆటలు చిన్న డిస్కుల మీద వచ్చేవి. వీటాలో ఆ డిస్కు పెట్టే చోటే లేదు. జపాన్‌లో మరికొంత రుసుము కడితే కొన్ని ఆటలను కొత్త యంత్రానికి మార్చి ఇచ్చారు. అమెరికాలో ఆ ఏర్పాటూ చేయలేదు. 3డీఎస్ కొన్నవాడు తన పాత డీఎస్ కార్డులను అందులోనే పెట్టి ఆడుకున్నాడు. కొత్త ఇంటికి పాత గిన్నెలు పనికివస్తాయా లేదా అన్నది సామాన్య కుటుంబానికి చిన్న విషయం కాదు.

మేలైన తెర ఉన్నంత మాత్రాన చేతి యంత్రం గెలవదని చరిత్ర అంతకు పూర్వమే చెప్పింది. 1989లో వచ్చిన నింటెండో గేమ్ బాయ్‌కి రంగులే లేవు, తెర వెనుక వెలుతురూ లేదు. 90 డాలర్ల ధర, నాలుగు పెన్సిల్ సెల్లులతో పది గంటలకు మించిన ఆట మాత్రం ఉన్నాయి. పోటీగా వచ్చిన సెగా గేమ్ గియర్ రంగుల తెరతో మెరిసిపోయింది గాని, ఆరు సెల్లులను నాలుగైదు గంటలలో తాగేసేది. రంగు లేనిదే గెలిచింది. గేమ్ బాయ్‌తో కలిపి ఇచ్చిన ‘టెట్రిస్’ ఆటకు చవక అనుకరణే ఒకప్పుడు మన తిరునాళ్ళలో, జాతరలలో గాజుల అంగళ్ళ పక్కన వేలాడిన ‘బ్రిక్ గేమ్’. సరిహద్దు పల్లెలలో చాలా ఇళ్ళకు చేతి గేమ్ యంత్రం అంటే అదొక్కటే. దాని తరువాత నేరుగా ఫోనే వచ్చింది.

ఇక ఫోను సంగతి. జపాన్‌లో వీటా విడుదలైన రెండు నెలలకు, 2012 ఫిబ్రవరిలో, గంగ్‌హో అనే సంస్థ ‘పజిల్ అండ్ డ్రాగన్స్’ అనే ఫోన్ ఆటను తెచ్చింది. ఆడడానికి ఒక్క యెన్ను అక్కరలేదు. ఆటలో త్వరగా ముందుకు పోవాలనుకున్నవారు లోపల డబ్బు చెల్లించి మాయరాళ్ళు కొనుక్కోవాలి. ఏడాది తిరిగేసరికి, 2013 మే నెలలో, ఆ చిన్న సంస్థ మార్కెట్ విలువ కొద్దికాలం నింటెండోనే మించిపోయింది. రైలులో, బస్సులో పది నిమిషాల పొద్దుపుచ్చడానికి 350 డాలర్ల ఏర్పాటు అవసరం లేదని ప్రజలకు తెలిసివచ్చింది. భారతదేశంలో 2016 సెప్టెంబరులో జియో రాకతో ఇదే మార్పు పల్లెల దాకా పాకింది. ఉచితమన్న ఆటలో ధర లోపల దాగి ఉంటుందన్నది నెల చివర తండ్రి బ్యాంకు ఖాతా చూసుకున్నప్పుడు గాని బయటపడదు. వీటా కార్డు ధర కనీసం అంగడి బల్ల మీదనే కనిపించేది.

ఫోనుకు చేతకాని పని ఒకటి చూపగలిగితే చేతి యంత్రానికి చోటు ఉండేది. టీవీలో ఆడే పెద్ద ఆటను చేతిలో ఆడించడమే ఆ పని అని సోనీ తలచింది. కాని అటువంటి ఆట తయారుచేయడానికి పెద్ద ఖర్చు, పెద్ద బృందం కావాలి. ఆ బృందాలు కొత్తగా రాబోయే ప్లేస్టేషన్ 4కూ అవసరమే. 2012-13 ఆర్థిక సంవత్సరానికి వీటా, పీఎస్పీ కలిపి 1 కోటీ 60 లక్షలు అమ్ముతామని లెక్కవేసిన సోనీ, ఆ అంకెను విడతలుగా తగ్గిస్తూ 70 లక్షలకు దిగింది. 2013 చివర ప్లేస్టేషన్ 4 వచ్చి విజయం సాధించిన తరువాత సొంత యజమానే వీటాను సవతిబిడ్డగా చూశాడు. చిన్న సంస్థల ఆటలు, జపాన్ పాత్రపోషణ ఆటలు దానిని కొంతకాలం బతికించాయి. మళ్ళీ అటువంటి యంత్రం వస్తుందా అని 2015లో అడిగినప్పుడు, ఫోన్ ఆటల ఆధిపత్యంలో వాతావరణం అనుకూలంగా లేదని సోనీ ఉన్నతాధికారి షుహెయ్ యోషిదా బహిరంగంగానే చెప్పారు.

కొన్నవారికి మిగిలినదేమిటి? 2021 మార్చిలో వీటా ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడిని మూసివేస్తున్నట్లు సోనీ ప్రకటించింది. గగ్గోలు పుట్టడంతో ఏప్రిల్‌లో వెనక్కు తగ్గింది. కాని ఆ ఏడాది అక్టోబరు నుంచి ఆ అంగడిలో క్రెడిట్ కార్డుతో నేరుగా చెల్లించే వీలు తీసివేసింది. విదేశంలోని బంధువు ముచ్చటపడి తెచ్చిన వీటా ఎవరి ఇంటనైనా ఉండి, దాని కార్డు పాడైతే, ఊళ్ళోని మొబైలు అంగడిలో ఎన్ని కార్డులు ఉన్నా అందులో ఇమడవు.

చేతి యంత్రానికి కాలం చెల్లిందన్న మాటను 2017 మార్చిలో నింటెండో స్విచ్ అబద్ధం చేసింది. ధర 300 డాలర్లు, వీటా కన్నా ఎక్కువే. అయితే అది చేతిలోనూ ఆడుతుంది, గూటిలో పెడితే టీవీ మీదా ఆడుతుంది. పక్కల ఉన్న రెండు పిడులను ఊడదీసి ఇద్దరు చెరొకటి పట్టుకోవచ్చు. అన్నదమ్ములకు చెరొక ఖాతా అదే యంత్రంలో పెట్టుకోవచ్చు. లోపల 32 జీబీ స్థలం ఉంది, చాలకపోతే బయట దొరికే మామూలు మైక్రో ఎస్డీ కార్డు సరిపోతుంది. అమ్మకాలు 15 కోట్లు దాటాయి. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 ధర 450 డాలర్లకు ఎగబాకింది. దానికి కొత్తరకపు ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి, అది మామూలు దానికన్నా ఖరీదు. కాని లోపలే 256 జీబీ ఇచ్చారు, ఆ కార్డును ఏ ఒక్క సంస్థో గుత్తకు పట్టుకోలేదు.

సోనీ కూడా మళ్ళీ చేతి యంత్రం వంటిదానిని తెచ్చింది. 2023 నవంబరులో 200 డాలర్లకు వచ్చిన ఆ ‘ప్లేస్టేషన్ పోర్టల్’కు మెమరీ కార్డు బెడద లేదు. విడుదలైన నాటికి అది తనంత తాను ఏ ఆటా ఆడించదు. అప్పట్లో ఇంట్లో ముందే ప్లేస్టేషన్ 5 ఉండవలసి వచ్చేది, దానికి తోడు సెకనుకు కనీసం 5 మెగాబిట్ల వేగం గల వైఫై కావలసి వచ్చేది.