తెరమీది గుర్రానికి దిక్కెవరు?

చారిత్రక చిత్రంలో ధూళి రేపుతూ దూసుకువచ్చే అశ్వసేనను చూచి మనమందరం చప్పట్లు కొడతాము. బాణం తగిలి నేలకూలే నటునికి అది నటన అని తెలుసు. అతనికి బదులుగా దూకే డూపు సైతం తెలిసే దూకుతాడు. వారితోపాటు కూలే గుర్రానికి మాత్రం ఏమీ తెలియదు.

1936లో హాలీవుడ్‌లో నిర్మించిన ‘ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’ చిత్రం కోసం గుర్రాల ముంగాళ్ళకు తీగలు కట్టి, రెండవ కొనను నేలలో బిగించి, వేగంగా పరుగెత్తించారు. తీగ బిగుసుకోగానే గుర్రం తలక్రిందులయ్యేది. అనేక గుర్రాలు ఆ విధంగా ప్రాణాలు కోల్పోయాయి. జంతువులను హింసించి తీసిన దృశ్యాల ప్రదర్శనను నిషేధిస్తూ 1937లో బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసింది. 1939 నాటి ‘జెస్సీ జేమ్స్’ చిత్రం కోసం ఎత్తైన కొండకొమ్ము నుండి నీటిలోకి దూకించిన గుర్రం మరణించింది. ఆ పిమ్మటనే, 1940లో, అమెరికన్ హ్యూమేన్ అసోసియేషన్ హాలీవుడ్‌లో పర్యవేక్షణ కార్యాలయం తెరిచింది. మూగజీవి మరణించిన తరువాతనే మానవుడు మేల్కొనడం ఈ చరిత్రలోని విషాదం.

మన దేశంలో నియమాలకు కొదవ లేదు. 2001 నాటి నియమావళి ప్రకారం చిత్రీకరణకు అనుమతి పొందాలి. నాడాలు లేని గుర్రాన్ని గట్టి నేలపై నడిపించరాదు. ఏ జంతువునూ మంటలకు గురిచేయరాదు. అయినప్పటికీ 2021లో హైదరాబాదు శివారులో ఒక చారిత్రక చిత్రం చిత్రీకరణలో గుర్రం మరణించి, పోలీసు కేసు నమోదైంది. జంతువును చంపిన నేరానికి వేరుగా శిక్ష ఉన్నది గాని, 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం మొదటిసారి హింసకు విధించే జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకు మాత్రమే. గుర్రపు ఒకనాటి దాణాకైనా ఆ సొమ్ము చాలదు!

అశ్వాన్ని ఆదరించిన సంప్రదాయం మనది. మనుమంచి భట్టు తెలుగులో అశ్వశాస్త్రం రచించాడు. సాదత్ యార్ ఖాన్ ‘రంగీన్’ ఉర్దూలో ‘ఫరస్‌నామా’ వ్రాశాడు. పవిత్ర ఖురాన్‌లోని నూరవ సూరాకు పరుగెత్తే గుర్రాల పేరే ఉన్నది. ఈ రెండు భాషలలో చదువుకొనే మనకు ఈ విషయం పరాయిది కానేరదు.

యుద్ధ దృశ్యం సహజంగా ఉండవద్దా అని నిర్మాతలు ప్రశ్నింపవచ్చు. త్రవ్వి మెత్తపరచిన నేలపై, శిక్షణ పొందిన గుర్రాలతో ఆ దృశ్యాన్ని తీయవచ్చు. ప్రమాదకరమైన భాగాన్ని కంప్యూటర్ చిత్రాలతో పూరించవచ్చు. అనుమతి పత్రం ఒక్కటే గుర్రాన్ని కాపాడలేదు. చిత్రీకరణ స్థలంలో పశువైద్యుడు ఉండాలి. గుర్రం అలసినదని అతడు చెప్పిన క్షణాన, ఎంతటి దర్శకుడైనా కెమెరా ఆపవలసిందే. ఆ అధికారాన్ని చట్టమే అతనికి ఇవ్వాలనీ, జరిమానాను నేటి కాలానికి తగినట్లు పెంచాలనీ మేము కోరుతున్నాము.

విద్యార్థులారా! టిక్కెట్టు కొనే ప్రేక్షకునికి ప్రశ్నించే హక్కు కూడా ఉన్నది. నోరులేని జీవి పక్షాన ఆ ప్రశ్న మనమే అడగాలి.