గ్యాస్ ఎక్కడికి పోతుంది?

ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు గంటలు. నిజామాబాద్‌లో గడప దాటితే కాళ్లు కాలిపోయే ఎండ. ఇంట్లో ఏసీ నడుస్తూనే ఉంటుంది, గాలి మాత్రం ఫ్యాను గాలిలానే వస్తుంది. రిమోట్‌ను 24 నుంచి 20కి, అక్కడి నుంచి 16కి దించుతారు. మార్పేమీ ఉండదు. మంచం మీదున్న పెద్దాయన విసనకర్ర అడుగుతాడు. ఇక మెకానిక్‌కు ఫోను. అతనొచ్చి పది నిమిషాలు అటూ ఇటూ చూసి తేల్చేస్తాడు... 'గ్యాస్ అయిపోయింది సార్, నింపాలె!'

నింపడమూ డబ్బివ్వడమూ అయిపోతాయి. మళ్లీ ఎండాకాలానికి అదే కథ.

నిజానికి ఏసీలో గ్యాస్ వంటింటి సిలిండర్‌లోని గ్యాస్‌లా వాడేకొద్దీ అయిపోయేది కాదు. గదిలోని వేడిని పీల్చుకుని బయట పెట్టిన యూనిట్ దాకా మోసుకెళ్లడం, అక్కడ వదిలేసి మళ్లీ లోపలికి రావడం... దాని పని అంతే. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఫ్రిజ్‌కు ఏటా గ్యాస్ నింపించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇదీ అంతే. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు వెతక్కుండా నింపితే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. డబ్బు పోతే పోయింది, కంప్రెసర్‌కూ ముప్పే. లోపల తిరిగే గ్యాసే దాని మోటారును చల్లబరుస్తుంది. అది చాలకపోతే మోటారు వేడెక్కి, చివరికి కాలిపోతుంది.

రాత్రి చల్లగా... పగలు వేడిగా!

అయితే చల్లదనం తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాస్‌దే కాదు. ఈ ప్రాంతంలో ముందు చూడాల్సింది దుమ్ము. ఒకప్పుడు బోధన్ అంటే చెరకు. 1937లో పుట్టిన నిజాం షుగర్స్ పేరుమీదే శక్కర్‌నగర్ వెలిసింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు పండిన చేలు చాలామటుకు వరికి మళ్లాయి. బోధన్, వర్ని, కోటగిరి వైపు యాసంగి కోతలు మిగతా జిల్లాల కంటే ముందే మొదలవుతాయి. హార్వెస్టర్లు రేపే దుమ్ము, రోడ్ల మీద ఆరబోసిన వడ్ల నూగు, రైసు మిల్లుల ఊక... సరిగ్గా ఏసీలు రాత్రింబవళ్లు నడిచే రోజుల్లోనే గాల్లో తేలుతుంటాయి. బయటి యూనిట్ వెనక ఉండే సన్నటి రేకుల మధ్య అదంతా కంబళిలా పేరుకుపోతుంది.

టన్ను ఏసీ అంటే, ఒక టన్ను మంచు 24 గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని రోజంతా గదిలోంచి తోడిపోసే యంత్రం. అంత వేడీ ఆ రేకుల గుండానే బయటికి పోవాలి. బయట 44 డిగ్రీల ఎండ, రేకులకు దుమ్ము దుప్పటి. ఇంకెక్కడికి పోతుంది? కంప్రెసర్ మితిమీరి వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. అందుకే రాత్రిళ్లు బాగా చల్లబడి, పగలు మొండికేసే ఏసీని చూడగానే గ్యాస్ మాట ఎత్తకూడదు. మెయిన్ ఆపేసి, బయటి యూనిట్ రేకులను మెల్లటి నీటిధారతో కడగాలి. గట్టి ధార కొడితే రేకులు వంగిపోతాయి. మేడ మీద గోడ అంచునో, పిట్టగోడ అవతలో బిగించి ఉంటే మాత్రం ఇంట్లోవాళ్లు సాహసం చేయొద్దు.

లోపలి జాలీ కడగడం ఇల్లాలికైనా పిల్లలకైనా పావుగంట పని. వేసవిలో రెండు వారాలకోసారి చాలు. అది మూసుకుపోయినా గాలి ఆడక లోపలి గొట్టాలపై మంచు కడుతుంది. మంచు కనిపిస్తే ఏసీ ఆపి, ఫ్యాన్ మోడ్‌లో పెట్టి కరగనివ్వాలి. గీకకూడదు. అన్నట్టు, రిమోట్ పిల్లల చేతిలో పడి 'ఫ్యాన్' మోడ్‌లోకి పోయి ఉంటే ఏ మెకానికూ అక్కర్లేదు!

ఆ తర్వాత బయటికెళ్లి వినాలి. ఫ్యాను తిరగకపోయినా, కంప్రెసర్ 'గుయ్' మని మూలిగి ఆగిపోతున్నా కెపాసిటర్ చెడి ఉండొచ్చు. లేదా వోల్టేజీ చాలకపోవచ్చు. ఊళ్లలో బోరు మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళ స్టెబిలైజర్ అంకెను ఓసారి చూడటం మంచిది. బల్లి దూరి సర్క్యూట్ బోర్డు కాలిపోవడమూ కొత్తేం కాదు. కెపాసిటర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, కరెంటు తీసేసినా షాక్ కొట్టగలదు.

భాయ్, లీకెక్కడుంది?

ఇవన్నీ సరిగా ఉండీ చల్లబడకపోతే అప్పుడు గ్యాస్ సంగతి. మెకానిక్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, లీకు గురించి. గొట్టాలు కలిసే నట్ల దగ్గర నూనె మరక తరచూ దాన్ని పట్టిస్తుంది. అక్కడ కనిపించకపోతే నైట్రోజన్ ఎక్కించి, సబ్బునురగ రాసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడాలి. మురుగుకాలువ పక్కన ఇల్లుంటే, ఆ వాయువులకు లోపలి రాగి గొట్టమే చిల్లులు పడి ఉండొచ్చు. లీకు మూశాక వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేయాలి. ఆ తర్వాతే గ్యాస్. చాలామంది ఎగ్గొట్టేది ఈ పనే. ఎందుకంటే దీనికి టైం పడుతుంది, అవతల ఇంకో నాలుగిళ్ల ఫోన్లు మోగుతుంటాయి.

ఎంత గ్యాస్ పట్టాలో, ఏ రకమో యూనిట్‌కు అంటించిన పట్టీ మీదే ఉంటుంది. పాత ఏసీల్లో ఎక్కువగా ఆర్-22, ఈమధ్యవాటిలో ఆర్-32. ఒకదాంట్లో ఇంకొకటి పోయకూడదు. ఆర్-32కి మండే గుణం కొంత ఉంది కాబట్టి అది నింపేటప్పుడు దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండొద్దు. సిలిండర్‌ను కాటా మీద పెట్టి తూకం ప్రకారం నింపమనాలి. ఎన్ని గ్రాములు పట్టింది, లీకు ఎక్కడ మూశారు అన్నవి బిల్లు మీద రాయించుకుంటే, వచ్చే ఏడాది అదే మాట మళ్లీ వినిపించినప్పుడు ఆ కాగితం తీసి చూపించొచ్చు.