జూదం సొమ్ముతో పుణ్యమా?

మంచి పనికి మార్గం కూడా మంచిదై ఉండాలి. ఈ సంగతి తెలియని ముస్లిం లేడు. అయితే తెలిసి కూడా మనం పొరబడే చోటు ఒకటుంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

గద్వాలలో నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, సలాం చెప్పి, "ఉస్తాద్, ఒక మసలా అడగాలి" అన్నాడు. ఒక ఆసుపత్రికి విరాళాల కోసం అక్కడివాళ్లు 'కాసినో నైట్' జరిపారట. హాలులో పేకాట బల్లలు, రూలెట్ చక్రం పెట్టారు. వచ్చినవాళ్లు డబ్బు కట్టి బిళ్లలు కొని ఆడారు. ఎక్కువ బిళ్లలు గెలిచినవారికి బహుమతులు ఇచ్చారు. ముక్కలు పంచినవారు జీతగాళ్లు కారు, సేవాభావంతో వచ్చినవారు. మా అబ్బాయి కూడా ఒక బల్ల దగ్గర నిలబడి పంచాడు. "నేను ఆడలేదు, పైసా తీసుకోలేదు. మిగిలిందంతా రోగులకే పోయింది. ఇందులో తప్పేముంది ఉస్తాద్? మనవాళ్లం కలిసి ఇలాంటిదే ఒకటి పెట్టి మన మదర్సాకు బోరు వేయిద్దామనుకుంటున్నాం" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు వెంటనే నోరు పెగలలేదు. ఎండాకాలం వస్తే మా పిల్లలు వజూ నీళ్ల కోసం ట్యాంకరుకు ఎదురుచూస్తారు. బోరు మాకు చాలా అవసరం.

ఇది ఒక్క అమెరికా మాట కాదు. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో ధార్మిక సంస్థలకు ప్రభుత్వమే కాసినో లైసెన్సు ఇస్తుంది. ఆ సంస్థల సభ్యులు జీతం లేకుండా అక్కడ పనిచేస్తారు. కేరళ ప్రభుత్వం 2011లో పేద రోగుల చికిత్స కోసమని 'కారుణ్య' లాటరీని ప్రారంభించింది. ఇక మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులో కాసినోలు లేవు. కానీ లక్కీ డ్రా కూపన్ల పుస్తకాలు మన చేతికి రానివా? జూదంపై మన దగ్గర 1974 నుండి చట్టం ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఆన్‌లైన్ పందాలకూ వర్తింపజేసింది. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. అయినా 'మంచి పని కోసం' అనే మాట చేర్చగానే మన మనసు మెత్తబడుతుంది.

సోదరులారా! ఈ మాట కొత్తది కాదు. అజ్ఞాన కాలపు అరబ్బులు ఆడిన 'మైసిర్' ఎలాంటిదో వ్యాఖ్యాతలు వివరంగా రాశారు. కరువు రోజుల్లో ఒక ఒంటెను అరువుకు తెచ్చి కోసేవారు. సంచిలో పది బాణాలు వేసి ఒక్కొక్కటే తీసేవారు. ఏడింటికి ఒకటి నుండి ఏడు దాకా వాటాలు ఉండేవి, మూడు ఖాళీవి. ఖాళీ బాణం వచ్చినవాడు ఒంటె ధర చెల్లించాలి. గెలిచినవాడు ఆ మాంసం తాను తినేవాడు కాదు, పేదలకు పంచేవాడు. ఆటకు రానివాణ్ణి పిసినారి అని ఎగతాళి చేసేవారు. అంటే అది ఆనాటి కాసినో నైట్! అల్ బఖర సూరా 219వ ఆయత్ జూదంలో కొన్ని ప్రయోజనాలున్నాయని ఒప్పుకుంటూనే, దాని పాపం ఆ ప్రయోజనం కంటే పెద్దదని తేల్చింది. పేదవాడి కడుపు నిండుతుందని తెలిసే అల్లాహ్ దానిని నిషేధించాడు.

మరో విషయం గమనించండి. ఎవరైనా తన మిత్రుణ్ణి "రా, జూదమాడదాం" అని పిలిస్తే చాలు, ఆ మాటకే సదఖా ఇవ్వాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ హదీసు ఉంది. అక్కడ దానం జూదపు పాపానికి పరిహారం. మనమేమో దానాన్ని జూదానికి సాకుగా చేసుకుంటున్నాం!

"నేను పంచానంతే" అనే మాట కూడా నిలవదు. పుణ్యకార్యంలో ఒకరికొకరు తోడ్పడండి, పాపంలో తోడ్పడకండి అన్నది ఖుర్ఆన్ బోధ. కూలి తీసుకోనంత మాత్రాన చేసిన పని మారదు.

రూలెట్ చక్రం లెక్క చూడండి. సున్నా నుండి 36 దాకా 37 గళ్లు. ఒక గడిపై ఒక రూపాయి పెట్టి గెలిస్తే, పెట్టిన రూపాయితో కలిపి 36 వస్తాయి. అన్ని గళ్లపైనా పెడితే 37 పోయి 36 వస్తాయి. ఆ మిగిలిన రూపాయే ఆడించేవాడి ఆదాయం. అంటే సోదరుడు ఎంత ఓడితే అనాథకు అంత లాభం. చందా ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ సంతోషిస్తారు. ఇక్కడ ఒకడు ఓడిపోవాలని కోరుకుంటే తప్ప మన పుణ్యం పండదు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ల క్రితం ఒక బడిలో కొత్తగా చేరినప్పుడు, బెంచీల కోసం లక్కీ డ్రా టికెట్లు నేనే అమ్మాను. మొదటి బహుమతి కుట్టుమిషను. ఒక కూలి తల్లి తన రెండు రోజుల కూలి పెట్టి టికెట్లు కొన్నది. బిడ్డ పెళ్లికి మిషను వస్తుందని ఆశ. రాలేదు. బెంచీలు మాత్రం వచ్చాయి. డ్రా అయిపోయాక ఆమె నా దగ్గరికొచ్చి, "సారూ, మళ్లీ ఎప్పుడు పెడతారు?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. నేను ఆమెకు దానం నేర్పలేదు, ఆశ నేర్పాను.

అయితే చీటీ వేయడమే హరామ్ అని కాదు. ప్రవక్త (స) ప్రయాణానికి వెళ్లేటప్పుడు వెంట ఎవరు రావాలో చీటీ వేసేవారు. ఎవరి డబ్బూ పందెంలో లేకుండా, దాత ఇచ్చిన వస్తువును చీటీ వేసి ఇస్తే అది వేరు. డబ్బు కట్టి అదృష్టం కొనుక్కోవడం వేరు.

1866లో దేవ్‌బంద్ మదర్సా మొదలైంది సామాన్యుల చందాలతోనే. పేరు ఆశించకుండా ఇచ్చేవారి చందాలోనే ఎక్కువ బర్కత్ ఉందని దాని నియమాలలో రాసుకున్నారు. మా అమ్మీ అన్నం వండే ముందు ఒక గుప్పెడు బియ్యం మదర్సా కుండలో వేసేది. ఆ గుప్పెడు బియ్యంలో ఎవరి ఓటమీ లేదు.

మా అబ్బాయికి ఇదే చెప్పాను: "బేటా, బల్లలు వద్దు. నీ జీతంలోంచి నీకు తోచినంత పంపు. మిత్రులను అడగడానికి సిగ్గుపడకు." కాసేపు మౌనంగా ఉండి, "సరే ఉస్తాద్" అన్నాడు. బోరు ఇంకా పడలేదు. వచ్చే జుమా తర్వాత రుమాలు పరుస్తాం. పది రూపాయలైనా సరే, హలాల్ సంపాదనలోంచి వేయండి. అల్లాహ్ మనందరి దానాలను స్వీకరించుగాక! ఆమీన్.