గట్టు తీశాకే పిస్టన్ తీయాలి

పాత పెట్రోల్ ఇంజిన్ హెడ్ దించగానే చాలామంది మెకానిక్‌లు పిస్టన్‌ను కింది నుంచి చెక్కతో కొట్టి పైకి తోసేస్తారు. ఇది ఆగాలి. పై రింగు చేరే ఎత్తు వరకే సిలిండర్ గోడ బాగా అరుగుతుంది; ఆ పైన అరగని లోహం, పేరుకున్న మసి కలిసి గట్టులా నిలుస్తాయి. దానికి తగిలితే రింగులు విరుగుతాయి, పిస్టన్ గాడుల అంచులు చిట్లుతాయి. గట్టును వదిలేసి కొత్త రింగులు వేస్తే, అంచు అరగని పై రింగు దాన్ని ఢీకొని విరగవచ్చు. రిడ్జ్ రీమర్ ఉన్నది ఇందుకే: బోరులో బిగించి పానాతో నెమ్మదిగా తిప్పుతుంటే, చిన్న కట్టర్ గట్టును చెక్కి గోడతో సమం చేస్తుంది. చేతి పనిముట్టు కావడమే దాని గొప్ప. లోహం ఎంత తెగుతోందో వేళ్లకు తెలుస్తుంది; గ్రైండర్‌తో ఆ భరోసా లేదు. కట్టర్ రింగు కదిలే చోటికి దిగిందా, బోరు చేయించుకోవాల్సి రావచ్చు. అందుకే గోరు ఆనించి చూస్తూ, గట్టు తట్టడం మానగానే ఆపేయాలి. అరుగుదల పరిమితి దాటిన సిలిండర్‌కు గట్టు తీసి, రింగులు మార్చి పంపడం మోసమే. ముందు బోర్ గేజ్‌తో కొలిచి, ఆ కొలత బండి యజమానికి చూపించాలి. రజను కిందికి జారకుండా పిస్టన్ మీద గుడ్డ కుక్కడమూ కూలి తీసుకున్న పనిలో భాగమే.